గిరీష్ గిటారు, సుబ్బరాయుడి గోడ

మూసీ పొంగి, పెద్ద బస్టాండులో బస్సులు ఆగే చోట వరద నీళ్ళు ఆగిన ఏడు అది. ఊరంతా తడిసిన అట్టపెట్టెలా మెత్తబడింది. వాన వెనకపట్టి వారం దాటినా జనానికి కాళ్ళ కింద నేల మీద నమ్మకం కుదరలేదు. అలాంటి రోజుల్లో ఒక సోమవారం పొద్దున, తార్నాకలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో గిరీష్ అనే అతను ఆఫీసుకు వెళ్ళేలోపు నాలుగు పాటలు సాధన చేద్దామనుకున్నాడు. అతను అనుకున్నది అంతే. మిగతాదంతా దానంతట అదే జరిగింది.

గిరీష్‌కు యూనివర్సిటీ లైబ్రరీలో కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్ళి కాలేదు. కడప నుంచి వచ్చిన తల్లి రాజేశ్వరితో అద్దెకుంటున్నాడు. మూడేళ్ళుగా బేస్ గిటారు నేర్చుకుంటున్నాడు. గురువు ఫోను. ఫోను మంచి గురువే. తిట్టదు, కసరదు, శిష్యుడు తప్పు వాయిస్తే గుర్తుపట్టను కూడా పట్టదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు వేసుకుని వాయించేవాడు. ఆ నాలుగు తీగల గిటారులో శబ్దమే లేదని, అంగడివాడు కొడుకును మోసం చేశాడని రాజేశ్వరి నమ్మకం. గది తలుపు వేసి ఉన్నంతసేపూ అతనంత వాయించేవాడు తార్నాక మొత్తంలో లేడు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

యూనివర్సిటీలో చదివే పిల్లలకు ఒక బ్యాండు ఉంది. అందులో బేస్ వాయించేవాడికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. లైబ్రరీలో పుస్తకం తిరిగిస్తూ ఆ మాట చెప్పింది భార్గవి. కెమిస్ట్రీలో రీసెర్చి చేస్తూ, బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ, మిగిలిన టైములో అందరి మీదా అజమాయిషీ చేసే పిల్ల. గిరీష్ పుస్తకం మీద ముద్ర వేయడం మర్చిపోయి, "నేనున్నాను" అన్నాడు.

క్యాంటీను వెనక పాత సైకిల్ షెడ్డులో మొదటి ప్రాక్టీసు. రెండో పాటకే భార్గవి కర్రలు కింద పెట్టింది.

"అన్నా, వాయిస్తున్నరా, తీగల మీద దుమ్ము తుడుస్తున్నరా?"

"వాయిస్తున్నాను."

"మాకైతే వినబడతలేదు. వినబడ్డప్పుడేమో మాకంటే ముందున్నరు. అంత తొందరగ ఏడికి పోతున్నరు?"

తప్పు తనది కాదని గిరీష్ అభిప్రాయం. ఫోనులో పాట అతని కోసం ఆగేది. కష్టమైన చోట వెనక్కి జరిపితే జరిగేది. ఈ భార్గవి వెనక్కి జరిగే రకం కాదు.

"బేస్ అంటే చెవికి వినబడుడు కాదన్నా. కింద నేల ఉన్నదని తెల్వాలె. ఉన్నన్ని రోజులు దాన్ని ఎవడూ పట్టించుకోడు. లేకపోతే మాత్రం అందరం పడ్తం" అంది ఆమె. "శనివారం సాయంత్రం లాన్ మీద ప్రోగ్రాం. శుక్రవారం దాకా చూస్త. కుదరకపోతే ప్రణీత్ కీబోర్డు మీద ఎడమచేత్తోటి మీ పని చేసేస్తడు."

కీబోర్డు దగ్గరున్న ప్రణీత్ ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. ఆ చేతిలో అప్పుడు సగం తిన్న సమోసా ఉంది. మూడేళ్ళ సాధన వచ్చి వచ్చి సమోసా పట్టుకునే చేతికి సమానమైంది. గిరీష్‌కు ఆ రోజు అన్నం సయించలేదు.

హెడ్‌ఫోన్లు పారేసి దీంట్లో వాయించమని భార్గవి బ్యాండు వాళ్ళ స్పీకరు డబ్బా ఇచ్చి పంపింది. గిరీష్ దాన్ని ఆటోలో తెచ్చి పడకగది మూలలో, పిల్లరుకు ఆనించి నేల మీద పెట్టాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదని సన్నటి శబ్దాన్ని పూర్తిగా తగ్గించి, లావుది మాత్రం ఉంచాడు. పైన రెండు పాత బొంతలు కప్పాడు. తెలిసినవాడైతే డబ్బాను కుర్చీ మీద పెట్టేవాడు, గోడకు ఎడంగా జరిపేవాడు. గిరీష్ తనకు తానే నేర్చుకున్న మనిషి. పక్కన గురువుంటే మాటల మధ్య చెప్పే ఇలాంటి చిన్న సంగతులు ఒక్కటీ అతనికి తెలియవు. పైకి వచ్చే శబ్దాన్ని బొంతలు మింగేశాయి. కిందికి పోయేదాన్ని ఆపే నాథుడు లేడు. అది పిల్లరు పట్టుకుని దిగింది.

సరిగ్గా ఆ గది కింద, రెండో అంతస్తులో సుబ్బరాయుడు ఉంటాడు. కాకినాడ మనిషి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. చెవి కాస్త మందం. అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. ఆ సోమవారం పొద్దున ఆయన భార్య శ్యామలాంబ కాఫీ కలుపుతుంటే అలమరలోని స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకు నడిచి వచ్చాయి. ఆవిడ కేక వేసింది. సుబ్బరాయుడు వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత లుంగీ సర్దుకుని పై అంతస్తు మెట్లెక్కాడు.

"బాబూ గిరీషూ, నీకేమైనా తెలిసిందా?"

'నేనే సార్' అనే మాట గిరీష్ నాలుక చివరిదాకా వచ్చింది.

"భూమి కదులుతోందయ్యా. నలభై ఏళ్ళు ఆనకట్టల మీద చేసినవాణ్ణి, నా చెయ్యి పొరబడదు. అయితే ఇంత దరిద్రపు కదలిక నేనెక్కడా చూళ్ళేదు. ఓ పద్ధతీ పాడూ లేదు. ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా. మధ్యలో ఒకటి ఎగిరిపోతోంది. తాగినవాడు మెట్లు దిగినట్టుంది."

నేరం ఒప్పుకోవడానికి గిరీష్‌కు అభ్యంతరం లేదు. ఈ మాటల తర్వాత ఒప్పుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

"నాకేమీ తెలియలేదు సార్" అన్నాడు.

మంగళవారం మరింత శ్రద్ధగా వాయించి, పళ్ళు తోముకోకుండానే కిందికి దిగాడు.

"ఇవాళ ఎలా వచ్చింది సార్?"

"వచ్చింది బాబూ. నిన్నటికంటే నయం, అంటే నయం కాదులే, నిన్నటికంటే ఘోరం. బలం పెరిగింది. అయితే మూడు దెబ్బలయ్యాక నాలుగోదాని దగ్గర తడబడుతోంది. అక్కడ తొందరపడుతోంది."

గిరీష్ పైకి పరిగెత్తి నాలుగోదాన్ని పట్టుకున్నాడు. బుధవారం పొద్దున సుబ్బరాయుడి ముఖంలో రక్తం లేదు.

"లెక్క కుదిరింది బాబూ. గడియారం కొట్టినట్టు వస్తోంది. అడ్డదిడ్డంగా ఉన్నన్నాళ్ళూ ఏదోలే అనుకున్నాను. ఇలా పద్ధతిగా వస్తోందంటే, కింద ఏదో గట్టిగా కూచుంది."

మూడేళ్ళలో గిరీష్ వాయింపును ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆ మధ్యాహ్నం షెడ్డులో రెండు పాటలు ఆగకుండా సాగాయి. భార్గవి కర్రలు పట్టుకునే అతని వంక చూసింది.

"ఏమైందన్నా? ఎవరి దగ్గరన్న నేర్చుకుంటున్నరా?"

"ఒక పెద్దాయన చెప్తున్నారు."

"ఏం వాయిస్తరు ఆయన?"

"ఇరిగేషన్" అన్నాడు గిరీష్.

బుధవారం సాయంత్రం ఓనర్లు సెల్లారులో కుర్చీలు వేసుకుని సమావేశమయ్యారు. బిల్డింగు కట్టిన వీరస్వామికి ఫోను చేస్తే, "మెట్రో రైలు పోతది కద సార్, గా వణుకు అది. నా పిల్లర్లకు ఏనుగును కట్టేసినా కదలయి" అని పెట్టేశాడు. ఇల్లు వదిలి పోదామని ఒకరు, హోమం చేయిద్దామని ఒకరు అన్నారు. చివరికి అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. అద్దెకున్నవాళ్ళకు ఈ సంగతి తెలియకూడదు. తెలిస్తే ఖాళీ చేసి పోతారు, కొత్తవాళ్ళు రారు. బిల్డింగు పడిపోయే లోపు అద్దె పడిపోతుంది. ప్రాణభయంలోనూ ఇంత ముందుచూపు ఉన్న మనుషులు మన మధ్యే ఉన్నారు.

గురువారం పొద్దున గిరీష్ యథాప్రకారం కిందికి దిగాడు.

"ఇవాళ ఎలా వచ్చింది సార్?"

"ఏది?" అన్నాడు సుబ్బరాయుడు.

"అదే సార్, కదలిక."

"అబ్బెబ్బే, కదలికేంటి! ఏమీ లేదు. అసలెప్పుడూ లేదు. మీరు హాయిగా ఉండండి" అని తలుపు వేసుకున్నాడు. తలుపు వెనక శ్యామలాంబ గ్లాసులన్నిటినీ పాత చీరలో మూటగడుతున్న చప్పుడు గిరీష్‌కు వినబడలేదు.

నిన్నటిదాకా భూమిని కదిలించిన చెయ్యి ఇవాళ ఒక ముసలాయనకు కూడా ఆనలేదు. బలం పోయిందనుకుని గిరీష్ తీగల మీద విరుచుకుపడ్డాడు. విరుచుకుపడేసరికి పాత తొందర తిరిగి వచ్చింది. శుక్రవారమూ సుబ్బరాయుడు "ఏమీ లేదు" అనే అన్నాడు. ఆ సాయంత్రం షెడ్డులో గిరీష్ అందరికంటే ముందు పాట ముగించి, మిగతావాళ్ళు వచ్చేదాకా నిలబడ్డాడు.

భార్గవి నుదురు కొట్టుకుంది. "మీతోటి ఎట్లనన్నా? ఒక రోజు నేల ఉంటది, ఒక రోజు గుంత ఉంటది. సరే, రేపు స్టేజి ఎక్కుర్రి. మొదటి పాటల మీ దిక్కు చూసి నేను తల అడ్డంగ ఊపిన్ననుకో, ప్రణీత్ అందుకుంటడు. మీరు గిటారు పట్టుకొని ఊరికె నిలబడుర్రి. ఇగ మళ్ళ షెడ్డుకు రాకుర్రి."

శనివారం పొద్దున గిరీష్ డబ్బా మీది శబ్దం పెంచే మరను చివరిదాకా తిప్పాడు. కళ్ళు మూసుకుని, లావు తీగను మొదటిసారి మనసారా లాగాడు.

కింద సుబ్బరాయుడి ఉప్మాలో పైకప్పు పెచ్చు రాలి పడింది.

కాసేపటికి మెట్ల మీద అలికిడి విని గిరీష్ బాల్కనీలోకి వచ్చాడు. ఓనర్లందరూ గేటు వైపు ఉరుకుతున్నారు. ఒకాయన నెత్తిన టీవీ. ఒకావిడ చంకలో కుక్కపిల్ల, చేతిలో ఇస్త్రీపెట్టె. సుబ్బరాయుడూ వాచ్‌మన్ పరశురామూ చెరోవైపు పట్టుకుని గ్యాసు సిలిండరు మోస్తున్నారు. ఆ వెనక శ్యామలాంబ మూట గలగలలాడిస్తూ వస్తోంది.

"ఎక్కడికి సార్?" అని పైనుంచి అడిగాడు గిరీష్.

"వాకింగ్‌కి బాబూ" అన్నాడు సుబ్బరాయుడు, ఆగకుండా.

రాజేశ్వరి కూడా వచ్చి తొంగి చూసింది. "ఏందిరా ఇది? వాకింగ్‌కి సిలిండరు ఎత్తుకొని పోతాండారు?"

"ఆరోగ్యానికి మంచిదేమో మా."

"ఏం ఆరోగ్యమో. కాకినాడోళ్ళు తిండి లేకుండా రెండడుగులు కూడా నడవరు" అని ఆమె లోపలికి వెళ్ళి దోసెలు పోసింది. అద్దెకున్నవాళ్ళందరూ ఆ పొద్దున పడిపోబోయే బిల్డింగులో నిశ్చింతగా టిఫిన్లు చేశారు.

ఓనర్లు రోడ్డు దాటి యూనివర్సిటీ లోపలికి వెళ్ళి, చుట్టూ ఏ గోడా లేని చోటు వెతుక్కుని, లాన్ మీద సామాన్లు దించారు. పొద్దున నడకకు వచ్చినవాళ్ళు చుట్టూ మూగి ఫోటోలు తీశారు. వరద బాధితులనుకుని ఎవరో అరటిపళ్ళు పంచారు. ఓనర్లు వద్దనలేదు. ఆ ఫోటోలు తిరిగి తిరిగి మల్కాజ్‌గిరిలో ఉన్న వీరస్వామి ఫోనులోకి చేరాయి. అతను కారేసుకుని వచ్చాడు.

"ఏంది సార్ గిది? గిట్ల రోడ్డున పడ్డట్టు కూసుంటే నా పేరేమైతది? ఉప్పల్‌ల కొత్త వెంచరు సురు చేసిన. గీ ఫోటోలు చూస్తే ఒక్కడన్న వస్తడా?"

"మీ పేరు సరేనండీ, మా ప్రాణాలో?" అన్నాడు సుబ్బరాయుడు.

"రేపు పొద్దుగాల నేనే ఇంజనీరును తోల్కొస్త. ఆయన చెయ్యి పెట్టినప్పుడు గోడ వణికిందనుకో, పిల్లర్లన్నీ నా ఖర్చుతోని గట్టి చేపిస్త. కాని లేవుర్రి సార్, దండం పెడ్త."

ఓనర్లు లేవలేదు. రేపు వణికిందో లేదో తేలేదాకా ఆ కప్పు కిందికి పోయేది లేదన్నారు. వీరస్వామి వచ్చిన కారులోనే వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం బ్యాండు వాళ్ళు వచ్చి, వాళ్ళ ముందే స్టేజి కట్టారు. పెద్ద పెద్ద స్పీకర్లు దించారు. అలా ఓనర్లకు అడగకుండానే మొదటి వరస దొరికింది.

సాయంత్రం గిరీష్ స్టేజి ఎక్కి చూస్తే ఎదురుగా తన అపార్ట్‌మెంటు ఓనర్లంతా చాపలు పరచుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక విద్యార్థులు, ఓ పక్కన రాజేశ్వరి. కొడుకు ఏదో ఫంక్షనని చెబితే పట్టుచీర కట్టుకుని వచ్చింది. భార్గవి కర్రలు కొట్టి లెక్క ఇచ్చింది. మొదటి తీగ మోగింది.

సుబ్బరాయుడు ఉలిక్కిపడి అరచెయ్యి గడ్డి మీద పెట్టాడు.

గిరీష్ ఆ చెయ్యినే చూస్తున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది రాబోతుంటే, అది ఎక్కడ జారిపోతుందో తెలిసిన ఆ చెయ్యి గడ్డి మీంచి కొంచెం లేచింది. దాన్ని చూసి గిరీష్ వేలు ఆగింది. కొంచెమే. చెయ్యి గడ్డిని తాకినప్పుడు వేలు తీగను తాకింది. నాలుగోది రావలసిన చోటికే వచ్చి కూర్చుంది. ఇక ఆ పాట పొడుగునా గిరీష్ భార్గవి వంక గానీ ప్రణీత్ వంక గానీ చూడలేదు. భయంతో గడ్డి మీద లేస్తూ పడుతూ ఉన్న ఆ ముసలి చేతినే పట్టుకుని నడిచాడు.

పాట సగంలో సుబ్బరాయుడికి వెలిగింది. స్పీకరు వంక చూశాడు. గిరీష్ వేళ్ళ వంక చూశాడు. ఎగిరి లేచి నిలబడ్డాడు.

"ఇదే! ఇదే! మన గోడలోది ఇదే!"

ఓనర్లందరూ లేచారు. "ఆపు! ఆపవయ్యా!" అని చేతులు గాల్లో ఊపుతూ స్టేజి వైపు దూసుకొచ్చారు. శ్యామలాంబ మూట ఎత్తి గలగలా ఆడించింది. వెనకున్న విద్యార్థులు ఈ వయసువాళ్ళకే ఇంత ఊపొస్తే మనం కూర్చోవడం ఏమిటని వాళ్ళూ లేచి, "ఇదే! ఇదే!" అని అందుకున్నారు. లాన్ మొత్తం ఎగిరింది. భార్గవి గిరీష్ వంక తిరిగి తల ఊపింది. అడ్డంగా కాదు, నిలువునా. ప్రణీత్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

స్టేజి దిగగానే ఓనర్లు గిరీష్‌ను చుట్టుముట్టారు.

"నువ్వా!" అన్నాడు సుబ్బరాయుడు. "రోజూ నా దగ్గరికే వచ్చి, ఎలా వచ్చింది సార్ అని నన్నే అడుగుతావా!"

"మీరు బాగా చెప్పారు సార్" అన్నాడు గిరీష్, నిజాయితీగా.

"నా ఉప్మా! నా గ్లాసులు! ఎన్ని సొట్టలు పడ్డాయో చూడు!" అంది శ్యామలాంబ.

రాజేశ్వరి జనాన్ని తోసుకుని వచ్చింది. "మావాడు వాయించినాడు, తప్పే. నేను ఒప్పుకుంటాండా. అది గిటారని మీకు తెలీదు కదా? భూకంపమనే కదా సామాన్లు ఎత్తుకొని ఉరికినారు? మరి మాకెందుకు చెప్పలేదు? మిద్దె కూలితే దాని కింద అద్దెకుండేవాళ్ళు మాత్రమే ఉండల్లా?"

ఒకావిడ తన ఇస్త్రీపెట్టె తీగను శ్రద్ధగా చుట్టుకుంది. తర్వాత ఓనర్లు కొంచెం అవతలికి వెళ్ళి తలలు దగ్గర పెట్టుకున్నారు. సంగతి వాళ్ళకు అప్పుడే పూర్తిగా తట్టింది. గోడ వణకడం లేదంటే వీరస్వామి ఖర్చుతో పిల్లర్లూ లేవు. పిల్లర్లతోపాటు లిఫ్టు కూడా మార్పించాలని, మొత్తం బిల్డింగుకు రంగులు వేయించాలని మధ్యాహ్నమే అనుకుని ఉన్నారు. తిరిగి వచ్చేసరికి సుబ్బరాయుడి ముఖం మారింది.

"గిరీష్ గారూ" అన్నాడు. "రేపు పొద్దున మీరొకసారి వాయించాలి."

"ఏ పాట సార్?"

"పాట కాదు బాబూ. సోమవారం వాయించారు చూడండి, అలా. ఇవాళ్టిలా వాయిస్తే ఆ ఇంజనీరు డాన్సు చేస్తాడు. భూకంపానికి తాళం ఉండకూడదు." గొంతు తగ్గించాడు. "మీ ఇంటి ఓనరుగారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆయనా అదే అంటున్నారు."

"నాకిప్పుడు అలా రాదు సార్" అన్నాడు. ఆ మాట అంటుంటే గిరీష్‌కు లోపల హాయిగా ఉంది.

డ్రమ్ములు సర్దుకుంటున్న భార్గవికి ఆ మాటలు వినబడ్డాయి. "చెయ్యి ఖరాబు చేసుకోకుర్రి అన్నా. మళ్ళ గా గుంతలు తెచ్చినరనుకో, ప్రణీత్ ఉన్నడు."

వాయిస్తే బ్యాండు పోతుంది. వాయించకపోతే ఇల్లు పోతుంది. గిరీష్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. రాజేశ్వరి పట్టుచీర కొంగు నడుముకు దోపుకుంది.

"రాకుండా వాయించేదానికి వాడెందుకప్పా?" అంది. "నేను లేనా?"

మర్నాడు పొద్దున గిరీష్ గిటారు తల్లి ఒళ్ళో పెట్టి, ఏ తీగ లాగాలో చూపించి, రెండో అంతస్తుకు దిగాడు. సుబ్బరాయుడి హాల్లో ఓనర్లు, వీరస్వామి, ఇంజనీరు గోడకు చేతులు ఆనించి వరసగా నిలబడి ఉన్నారు. అద్దెకున్నవాడికి ఆ వరసలో చోటివ్వడం అదే మొదలు. గోడ వణికింది. ఇంజనీరు చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. వీరస్వామి పిల్లర్లకు ఒప్పుకున్నాడు. శ్యామలాంబ గ్లాసు ఒకటి కింద పడ్డాక లిఫ్టుకు కూడా ఒప్పుకుని, ఇంజనీరును తీసుకుని సెల్లారులోకి దిగాడు. ఓనర్లు వాళ్ళ వెంట పరిగెత్తారు. గిరీష్ ఒక్కడే చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. అడ్డదిడ్డంగా మొదలైన వణుకు మెల్లమెల్లగా సర్దుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా జారలేదు. అతనికి మూడేళ్ళు పట్టిన చోటికి తల్లి, కాఫీ చల్లారేలోపు చేరుకుంది. ఈ సంగతి భార్గవి చెవిన పడకుండా చూసుకోవాలని గిరీష్ ఆ గోడ దగ్గరే తీర్మానించుకున్నాడు.